రౌటర్ లాగ్ నిండా "పోర్ట్ స్కాన్" వార్నింగులు, పట్టించుకోవాలా?

ఉండి కుర్రాడు

అందరికీ నమస్కారమండి. మాది ఉండి పక్కన పల్లెటూరు. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, అక్కడి నుంచే చెరువు గట్టు మీది షెడ్డుకి కేబుల్ లాగి కెమెరాలు, వాటిని రికార్డు చేసే డీవీఆర్ పెట్టించాం. రాత్రిపూట నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో ఆగిపోయాయో నాన్నగారు ఫోన్లోనే చూసుకుంటారు. అవి ఆగిపోతే రొయ్య తేలిపోతుంది కదా, అందుకని ఆ కెమెరాలు మాకు చాలా ముఖ్యం.

వైఫై పాస్‌వర్డ్ మారుద్దామని రౌటర్ పేజీ తెరిస్తే సిస్టం లాగ్‌లో "పోర్ట్ స్కాన్ డిటెక్టెడ్", "టీసీపీ సిన్ స్కాన్, డ్రాప్డ్" అని కిందికి జరిపేకొద్దీ అవే లైన్లు. ఆ ఐపీలు ఎక్కడివా అని వెతికితే ఏవేవో దేశాలు చూపిస్తోంది. నెట్ ఇచ్చినాయన్ని అడిగితే ఓసారి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. నాన్నగారి ఫోన్లోనే బ్యాంకు యాప్, మేత కొట్టుకి పంపే యూపీఐ అన్నీ ఉంటాయి, టెన్షన్‌గా ఉందండి. ఎవరైనా మా ఇంటి మీదే గురిపెట్టారా?

కాకినాడ నెట్‌వర్క్

మీ ఇల్లని తెలిసి ఎవరూ రావట్లేదండి. పోర్ట్ అంటే నెట్ నుంచి పరికరంలోకి వెళ్లే నంబరు వేసిన గుమ్మం లాంటిది, ఏది తెరిచి ఉందో తట్టి చూడటమే పోర్ట్ స్కాన్. ఇంటర్నెట్ అడ్రస్‌ల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్న అడ్రస్‌లు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అనే టూల్ తెచ్చి, ఒక పోర్ట్ కోసం మొత్తం ఇంటర్నెట్‌ని ముప్పావు గంటలోపే, అదీ ఒక్క మామూలు కంప్యూటర్‌తో తడిమి చూపించారు. ఇప్పుడు ఆ పని నెట్‌కి కలిపిన పరికరాల్ని వెతికిపెట్టే షోడాన్ లాంటి సైట్లూ చేస్తాయి, పరిశోధకులూ చేస్తారు, దొంగలూ చేస్తారు. పబ్లిక్ ఐపీ ఉన్న ఏ రౌటర్ లాగ్ తెరిచినా ఇలాగే ఉంటుంది. "డ్రాప్డ్" అని ఉందంటే రౌటర్ వాళ్లని గుమ్మంలోనే ఆపేసిందని అర్థం. సోర్స్ పోర్ట్ 443 (సురక్షిత వెబ్‌సైట్లు వాడేది) అని ఉన్నవైతే చాలావరకు స్కాన్లే కావు, మీరు చూసిన సైటో వీడియోనో ఆలస్యంగా పంపిన జవాబుని రౌటర్ అపార్థం చేసుకుంటుంది.

అయితే రెండు సంగతులు చూసి చెప్పండి. సోర్స్ దగ్గర 192.168 తో మొదలయ్యే అడ్రస్, అంటే మీ ఇంట్లో పరికరానిది, ఎక్కడైనా ఉందా? పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లో పరికరానికి దారి తెరిచే సెట్టింగ్) పేజీలో ఏమైనా పెట్టి ఉందా?

పాలకొల్లు

ఆ అలర్ట్‌లు ఆఫ్ చేసి పడుకోండి బ్రదర్, అందరికీ వస్తాయి.

ఉండి కుర్రాడు

చూశానండి. బయటి ఐపీల మధ్యలో 192.168.1.20 నుంచి బయటికి, డెస్టినేషన్ పోర్ట్ 23 అని వరసగా లైన్లున్నాయి. ఆ 20 మా డీవీఆరే. ఫార్వర్డింగ్‌లో 80, 23, 554 డీవీఆర్‌కి తెరిచి ఉన్నాయి. కెమెరాలు బిగించినాయనే స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని ఐపీ) తీసుకోమని చెప్పి ఇవన్నీ పెట్టి వెళ్లారు, దానికి నెలనెలా విడిగా కడుతున్నాం.

కాకినాడ నెట్‌వర్క్

పాలకొల్లు గారూ, ఇందుకేనండి లాగ్ మూసేయొద్దనేది. బయటివాడు లోపలికి తొంగిచూడటం మామూలే, ఇంట్లో వస్తువు బయటి వాళ్లని స్కాన్ చేస్తోందంటే అది వేరేవాడి చేతిలోకి వెళ్లిందనుకోవాలి. పోర్ట్ 23 అంటే టెల్నెట్, దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ సరిగ్గా ఇలాగే కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ డీవీఆర్‌లనీ లక్షల్లో పట్టేసి, అదే ఏడాది అక్టోబర్‌లో డిన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే సేవ) కంపెనీ మీదికి వదిలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటలకొద్దీ తెరుచుకోలేదు. దాని కోడ్ బయట పెట్టేశారు కాబట్టి పిల్లలూ మనవలూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అమలాపురం సీసీటీవీ

నేను కోనసీమలో కెమెరాలే బిగిస్తానండి, వరస ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. ముందు ఆ ఫార్వర్డింగ్ మూడూ తీసేయండి, యూపీఎన్‌పీ అని ఉంటుంది, అది కూడా ఆపండి, లేకపోతే డీవీఆర్ ఆ పోర్ట్‌లని తనంతట తనే మళ్లీ తెరిచేసుకుంటుంది. ఆ తర్వాతే డీవీఆర్ కరెంటు తీసి మళ్లీ పెట్టండి. మిరాయ్ రకాలు ఎక్కువగా మెమరీలోనే ఉంటాయి, రీస్టార్ట్‌తో పోతాయి, కానీ దారి తెరిచే ఉంటే నిమిషాల్లో మళ్లీ ఎక్కుతాయి. నెట్ ఆయన చెప్పిన ఆఫ్, ఆన్ ఒక్కటే చేస్తే లాభం లేనిది అందుకే. తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, కంపెనీ సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేయండి. కొన్ని పాత డీవీఆర్‌లలో మెనూలో మార్చినా టెల్నెట్ పాస్‌వర్డ్ మారదు, అలాంటిదాన్ని ఎప్పటికీ బయటికి తెరవకూడదు. అంత చేశాక కూడా లాగ్‌లో 20 కనిపిస్తుంటే ఆ పెట్టె మార్చేయడమే.

బిగించేవాళ్లు పాస్‌వర్డ్ మార్చకుండా పోర్ట్‌లు తెరిచి వెళ్లిపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుందండి, రైతుకి అది తెలిసే దారే లేదు.

ఉండి కుర్రాడు

అవన్నీ తీసేశానండి, డీవీఆర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను, పాస్‌వర్డ్ మార్చాను. ఇప్పటికి లాగ్‌లో 20 రాలేదు, బయటి డ్రాప్డ్‌లు మాత్రం వస్తున్నాయి. మరి బ్యాంకు సంగతి? నాన్నగారు చెరువు ఎలా చూడాలి?

కాకినాడ నెట్‌వర్క్

బ్యాంకు యాప్ పంపేది ఎన్‌క్రిప్ట్ అయి, అంటే రహస్య లిపిలోకి మారి వెళ్తుంది, స్కాన్ చేసేవాడికి అది కనబడదు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చి, డీఎన్ఎస్ దగ్గర తెలియని అడ్రస్ ఏదైనా ఉందేమో చూడండి. ఫోన్‌కి అనుమానంగా ఉంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రలో ఉచిత టూల్స్ ఉన్నాయి. ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అమలాపురం సీసీటీవీ

చెరువు చూడటానికి డీవీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేసి కలపండి, దానికి పోర్ట్ తెరవక్కర్లేదు. రౌటర్‌లో వైర్‌గార్డ్ (ఫోన్ నుంచి ఇంటి నెట్‌కి ఎన్‌క్రిప్ట్ అయిన దారి వేసే వీపీఎన్) ఉంటే అది ఇంకా మంచిది. వీలైతే రౌటర్ వెనక డీవీఆర్ కేబుల్ గుచ్చిన లాన్ పోర్ట్‌ని ఇంటి ఫోన్ల నుంచి విడదీయండి. అప్పుడు ఇంట్లో ఉన్నా ఐపీ కొట్టి చూడటం కుదరదు, యాప్‌లోనే వస్తుంది, నాన్నగారికి ఆ మాట ముందే చెప్పండి. ఫార్వర్డింగ్ లేకుండా యాప్‌తోనే చూసేటట్లయితే స్టాటిక్ ఐపీ డబ్బులు కూడా దండగే, మానేయొచ్చు.