అప్‌డేట్: ఈసారి చీజ్‌కేక్ బుజ్జి నోట పడలేదు

చల్లారబెట్టిన చీజ్‌కేక్‌ను మా పిల్లి బుజ్జి సగం నాకేసిందని, ఏం చేయాలో చెప్పమని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే కేక్‌ను బల్ల మీద పెట్టలేదు. వేడినీళ్లు పోసిన ట్రేలో ఉంచి 160 డిగ్రీల్లో బేక్ చేశాక, ఓవెన్ ఆపేసి, తలుపు సందులో చెక్క గరిటె పెట్టి గంటసేపు అలాగే వదిలేశాను. వంటింటి తలుపు మూసేశాను. దాని కింది సందులోంచి బుజ్జి పంజా ఆ గంటంతా లోపలికి వస్తూనే ఉంది, పాపం! తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లోనే. పొద్దున చూస్తే ఒక్క పగులు లేదు, ఎంత సంతోషమేసిందో!

పిల్లులకు తీపి రుచే తెలియదట. అది వచ్చింది క్రీమ్ చీజ్ వాసనకే. పాల పదార్థాలు చాలా పిల్లులకు అరగవు కాబట్టి ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ పెట్టాను. పోయిన వారం పట్టుకున్న విరేచనాలు పూర్తిగా తగ్గాయి.