మేకపోతును అమ్మేరోజు పిల్లల్ని ఇంట్లో ఉంచాలా, అమ్మమ్మ ఊరికి పంపాలా?

పాలమూరు మెట్టరైతు:
అందరికీ నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర చిన్న ఊరు. 3 ఎకరాల మెట్టలో పత్తి, కంది వేస్తాం, దాంతోపాటు 16 మేకలున్నాయి. పోయిన ఏడాది ఉగాదికి ముందు ఒక మేక మూడు పిల్లల్ని ఈనింది. రెండింటిని నాకి పాలు తాగనిచ్చింది, మూడోదాన్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు, పోయినప్పుడల్లా తలతో నెట్టేసింది. ముర్రుపాలు పిండి మేమే తాగించాం, ఆ తర్వాత రెండు నెలలు పక్కింటివాళ్ళ ఆవుపాలు సీసాలో పోసి పట్టాం. మొదటి వారం రాత్రి రెండు గంటలకు కూడా పట్టాల్సి వచ్చేది. అప్పుడు మా పాపకు 8 ఏళ్ళు, ఆ టైముకు తనంతట తనే లేచేది, నేను లేపిన రోజు ఒక్కటీ లేదు. అరుగు మీద గోనెసంచి పరిచి పడుకోబెట్టేది. పేరు కూడా పాపే పెట్టింది, చిన్నోడు అని. బడి ఆటో చప్పుడు వినగానే ఎక్కడ మేస్తున్నా సరే గేటు దగ్గరికి పరుగెత్తుకొస్తాడు.

ఇప్పుడు చిన్నోడికి 14 నెలలు, 29 కిలోలు తూగాడు. కుర్బానీకి ఏడాది నిండి, ఏ లోపమూ లేనిది కావాలి కాబట్టి బక్రీద్ ముందు మంచి ధర వస్తుంది. ఒకాయన 16 వేలకు అడిగారు. జూన్‌లో బడి ఫీజులు, విత్తనాల ఖర్చు రెండూ ఒకేసారి మీద పడతాయి. అమ్మాలని మేమిద్దరం అనుకున్నాం, అందులో గొడవ లేదు. గొడవంతా పిల్లల గురించే. ఎలాగూ ఎండాకాలం సెలవులే కదా, ఇద్దరినీ వాళ్ళ అమ్మమ్మ ఊరికి పంపేసి, తిరిగొచ్చాక మేతకు పోయి తప్పిపోయిందని చెబుదాం అంటోంది మా ఇంటావిడ. ముందే కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అంటున్నాను నేను. వారం నుంచి ఇదే టెన్షన్. బాబుకు 6 ఏళ్ళే. మీరైతే ఏం చేస్తారు?

మదనపల్లె మామిడితోట:
పంపించెయ్యండి అన్నా. మా అన్న కూతురి కళ్ళ ముందే వాళ్ళ మేకను బండిలోకి ఎక్కించారు, అది వెనక్కి తిరిగి అరిచింది, ఆ పాప మూడు రోజులు అన్నం ముట్టలేదు, జ్వరం కూడా వచ్చింది. ఇప్పటికీ ఆ బండి హారన్ వినబడితే లోపలికి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళం మనమే చూడలేని దాన్ని పసిపిల్లలకు ఎందుకు చూపించాలి? మీ ఇంటావిడ చెప్పిందే కరెక్టు.

గొంగడి బిడ్డ:
మాది సిద్దిపేట వైపు, తాతల కాలం నుంచి జీవాలే మా బతుకు. మా ఇంట్లో పిల్లల్ని ఎప్పుడూ పక్కకు పంపలేదు. నేను మా నాయన వెంట ఎనిమిదో ఏట నుంచే సంతకు పోయినవాణ్ణి. పెబ్బేరు సంతలో పొద్దున్నే వందల జీవాల మధ్య నిలబడితే ఏది ఎటు పోతుందో పిల్లలకు ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు. మందలో ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకుంటాం, బొల్లిది, కర్రెది, పొట్టి చెవులది అని పిలుస్తాం, కానీ కొడుకును పిలిచినట్టు పిలవం. ఆ కొంచెం దూరం మా పెద్దలు తెలిసే పెట్టుకున్నారు. పేరు పెట్టడం తప్పని అనను గానీ తమ్ముడూ, సీసా పట్టిన రోజే ఈ రోజు వస్తుందని పాపకు చెప్పాల్సింది. ఇప్పుడైనా చెప్పండి. మా నాయన ఒక పని చేసేవాడు, జీవాన్ని ఇచ్చేటప్పుడు మెడలో తాడు విప్పి ఇంటికి తెచ్చుకునేవాడు, తాడు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

బొబ్బిలి ఆడపడుచు:
ఆ "తప్పిపోయింది" అనే మాట మాత్రం చెప్పకండి, చేతులు జోడించి అడుగుతున్నాను. మా నాన్న నాకు ఆ మాటే చెప్పారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు, మాది తెల్ల మేక, ముక్కు మీద నల్లమచ్చ. పది రోజులు సాయంత్రం పూట చెరువుగట్టు మీద దాని పేరు పెట్టి అరుస్తూ తిరిగాను. రాత్రి వాన పడితే తడిసిపోతోందేమోనని నిద్ర పట్టేది కాదు. ఐదేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో మా పెదనాన్న మాటల మధ్యలో అన్నారు, ఆ మేక డబ్బులతోనే కదా మీ ఇంటికి రేకులు వేయించారు అని. మేక పోయినందుకు కాదు నాకు బాధ. నేను గట్టు మీద అరుస్తూ తిరుగుతుంటే నాన్న గుమ్మంలో కూర్చుని చూశారే, అందుకు. నాన్న చాలా మంచి మనిషి, నా కోసమే చెప్పారని నాకు తెలుసు, అయినా ఆ పది రోజులు నాకు గుర్తున్నాయి.

పచ్చని కంచె:
అమ్మే నిర్ణయం అయిపోయిందన్నారు, అయినా నాకు అనిపించింది చెబుతాను. 16 మేకల్లో ఒక్కదాన్ని ఉంచుకోలేరా? ఫీజు కోసం వేరే పోతును అమ్మొచ్చు కదా. విత్తనపు పోతుగా ఇంట్లోనే ఉంచండి.

గోపాలమిత్ర నల్గొండ:
కంచె గారూ, మీ మనసు అర్థమైంది కానీ అది కుదరదు. వాడు ఆ మందలోనే పుట్టాడు, తల్లి అక్కడే, చెల్లెళ్ళు అక్కడే. వాడినే విత్తనపు పోతుగా ఉంచితే మేనరికం కన్నా దగ్గరి కలయిక అవుతుంది, పుట్టే పిల్లలు బలహీనంగా ఉంటాయి. ఇంకో ముఖ్యమైన విషయం ఉంది, చాలామంది పట్టించుకోరు. తల్లి దగ్గర పెరిగిన పోతుకు మనిషంటే కొంచెం జంకు ఉంటుంది, సీసాపాలతో పెరిగినదానికి ఉండదు. మనల్ని కూడా తన మందలోవాళ్ళే అనుకుంటుంది. ఎద వయసు వచ్చాక తోటి మేకల మీద చూపే బలమే పిల్లల మీద చూపిస్తుంది. 29 కిలోలున్న పోతు వెనక్కాళ్ళ మీద లేచి పొడిస్తే ఆరేళ్ళ బాబు తట్టుకోలేడు. మెట్టరైతు గారూ, ఇప్పటికే పొడవడం మొదలుపెట్టిందా?

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది అమ్మకానికి అడ్డం చెప్పడానికి కాదు. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. పాలు మాన్పించి పిల్లల్ని విడదీసిన 7 నుంచి 13 నెలల తర్వాత కూడా తల్లి మేకలు తమ పిల్లల అరుపును మిగతా వాటి నుంచి గుర్తుపట్టాయట. అది చదివాక, అమ్మకం జరిగిన ఇంటికి వెళ్తే నాకు ముందు కొట్టంలో మిగిలినవాటి వైపే చూపు పోతోంది. రెండు మూడు రోజులు అవి కూడా సరిగ్గా మేయవు, గమనించండి.

పాలమూరు మెట్టరైతు:
అవును సార్, ముందే రాయాల్సింది. పోయిన నెల బాబును కింద పడేశాడు, మోచేయి గీరుకుపోయింది. పాప ఆ విషయం మాకు చెప్పకుండా దాచింది, తెలిస్తే అమ్మేస్తామని. బాబు కూడా అక్క చెప్పొద్దన్నదని జారిపడ్డానన్నాడు.

కొండారెడ్డి బురుజు:
అస్సలాము అలైకుం, అందరికీ. మాది కర్నూలు. అక్కడ కొనే ఇంటి నుంచి కూడా ఒక మాట వినండి. మా నాన్న బక్రీద్‌కు రెండు మూడు వారాల ముందే పోతును తెచ్చేవారు. మేము ముగ్గురు పిల్లలం, దానికి ఆకు తినిపించడం, కడగడం అంతా మా పనే. ఎక్కడికి పోతుందో మాకు మొదటిరోజే తెలుసు. అయినా పండుగ నాడు ఏడ్చేవాళ్ళం, ఒక ఏడాది నాన్న కూడా ఏడ్చారు, మనసుకు దగ్గరైనదాన్ని ఇస్తేనే ఇచ్చినట్టు అన్నారు. దాని ముందు కత్తి నూరకూడదు, ఇంకో జీవం చూస్తుండగా కోయకూడదు, ఈ పద్ధతులన్నీ చిన్నప్పుడే నేర్పారు. మాంసం మూడు భాగాలు, ఒకటి ఇంటికి, ఒకటి బంధువులకు, ఒకటి లేనివాళ్ళకు. భాయ్, మీకు వీలైతే దళారీకి కాకుండా నేరుగా ఒక కుటుంబానికి అమ్మండి. ఎవరింటికి పోతుందో పాపకు తెలిస్తే మనసుకు కొంచెం వేరేగా ఉంటుంది. బండిలో ఇరవై జీవాల మధ్య కుక్కి తీసుకుపోవడం చూస్తే ఎవరికైనా కష్టమే.

మదనపల్లె మామిడితోట:
బురుజు భాయ్ చెప్పింది బాగుంది, బొబ్బిలి అక్క బాధ కూడా అర్థమైంది. అబద్ధం చెప్పొద్దు, ఒప్పుకుంటాను. కానీ నిజం చెప్పడం వేరు, కళ్ళతో చూపించడం వేరు. చెప్పండి, ఆ రోజు మాత్రం ఇంట్లో ఉంచకండి. ముఖ్యంగా ఆరేళ్ళవాణ్ణి.

తొలకరి పల్నాడు:
అందరూ అమ్మకం గురించే మాట్లాడుతున్నారు. మేకలున్న ఇంట్లో పిల్లలకు చావు ముందే తెలుసండీ. రెండేళ్ళ కిందట తొలకరి వానలకు లేతగడ్డి మొలిచింది, జీవాలు ఆశగా మేశాయి, చిటుక రోగం వచ్చి వారంలో ఏడు పోయాయి. రాత్రి బాగా మేసి పడుకున్నది తెల్లారేసరికి కాళ్ళు బిగుసుకుని ఉండేది. వానలకు ముందు టీకా వేయించాల్సింది, పత్తి విత్తనం హడావిడిలో వాయిదా వేశాను. పశువైద్యం బండి నంబరు 1962కు ఫోన్ చేస్తే డాక్టరమ్మ బండిలో వచ్చారు, మిగిలినవాటిని కాపాడారు. మా చిన్నది నాతో పాటు గుంత దగ్గర నిలబడింది. నాన్నా టీకా ఎందుకు వేయించలేదు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, మర్చిపోయానమ్మా అన్నాను. ఇప్పుడు మే నెల రాగానే తనే క్యాలెండర్‌లో సున్నా చుడుతుంది.

అందుకే చెబుతున్నాను, పిల్లల్ని ఎంత దూరం పంపుతారు? పొద్దున్నే కొట్టం తలుపు తీస్తే కొత్తగా పుట్టిన పిల్ల వణుకుతూ నిలబడటానికి ప్రయత్నిస్తుంటే చూసే సంతోషం ఉంది చూశారా, అది కావాలంటే ఇది కూడా అదే తలుపులోంచి వస్తుంది. నాకు 22 మేకలు. నడుం నొప్పి, అప్పు, అన్నీ ఉన్నా సాయంత్రం మంద తిరిగొచ్చి మొహం మీద ఊపిరి వదిలే ఆ పది నిమిషాల కోసం నేను ఊళ్ళోనే ఉండిపోయాను.

పాలమూరు మెట్టరైతు:
ఇది మా ఆయన ఫోన్, రాసేది నేను, పిల్లల అమ్మని. ఇవన్నీ రాత్రి కూర్చుని చదివాను. పిల్లల కోసం అన్నాను గానీ నిజానికి నాకే ఆ రోజు ఇంట్లో ఉండాలని లేదు. పిల్లల్ని దిగబెట్టే వంకతో నేను కూడా మా అమ్మ దగ్గరికి పోవాలనుకున్నాను. వాడు పుట్టిన రాత్రి తల్లి మేక కాళ్ళు ఈయన పట్టుకుంటే ముర్రుపాలు పిండింది నేను. సీసా పీకను నోటితో పట్టుకోవడం కూడా వాడికి చేతకాకపోతే నా వేలు పాలలో ముంచి నోట్లో పెట్టాను. మేక అమ్మడం మాకు కొత్త కాదు, నాలుగేళ్ళలో చాలా అమ్మాం. వాటికి ఇంత కాలేదు. బొబ్బిలి చెల్లీ, నువ్వు గట్టు మీద తిరిగావని చదివాక తప్పిపోయిందని చెప్పే ధైర్యం నాకు పోయింది.

బొబ్బిలి ఆడపడుచు:
అక్కా, ఆ రోజు మీకు ఏడుపొస్తే పాప ముందే ఏడవండి. మా నాన్న ఒక్కసారి నా ముందు కళ్ళు తుడుచుకుని ఉంటే చాలనిపిస్తుంది నాకు.

గొంగడి బిడ్డ:
చెల్లె, తాడు మర్చిపోకు.

పాలమూరు మెట్టరైతు:
ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. మంగళవారం సాయంత్రం ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాం. బాబు వెంటనే ఏడ్చాడు, కాసేపటికి ఆడుకోవడానికి పోయాడు. పాప ఏడవలేదు. ఎంత ఇస్తున్నారు అని అడిగింది, చెప్పాం. నా ఫీజు ఆ డబ్బుతో కట్టొద్దు అంది. ఆ మాటకు నేను సిద్ధంగా లేను. చివరికి ఆ డబ్బు విత్తనాలకు పెట్టాం, ఫీజుకు మా బావమరిది దగ్గర చేబదులు తెచ్చాను.

దళారీకి ఇవ్వలేదు. మహబూబ్‌నగర్‌లో ఉండే ఒక కుటుంబం వచ్చింది, వాళ్ళతో పాటు పాప వయసు పిల్ల కూడా వచ్చింది. చిన్నోడికి వేపాకు కన్నా సుబాబుల్ ఇష్టమని, చెంబులో నీళ్ళు తాగడని, బకెట్ కావాలని మా పాప ఆ పిల్లకు చెప్పింది. బాబు చూడనన్నాడు, పక్కింట్లో ఉన్నాడు. ఆటో కదిలినప్పుడు మా ఆవిడ ఏడ్చింది, పాప ఆమె నడుం పట్టుకుని నిలబడింది. తాడు పాపే విప్పింది, కొట్టం గుంజకు వేలాడుతోంది. గోపాలమిత్ర సార్ చెప్పినట్టే తల్లి మేక రెండు పూటలు గేటు వైపు చూస్తూ అరిచింది, దాన్ని కూడా పాప చూసింది, అది మాత్రం నేను ముందు అనుకోలేదు.

మదనపల్లె మామిడితోట:
అన్నా, మీరు చేసింది తప్పని అనను. కానీ తల్లి మేక అరవడం పాప వింది అన్నారే, దానికోసమే నేను పంపించమన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

పాలమూరు మెట్టరైతు:
మీరన్నది తీసెయ్యలేను తమ్ముడూ. అదే మేక మళ్ళీ చూడిదైంది, వానాకాలంలో ఈనుతుంది. ఈసారి మూడు పుడితే సీసా నేను పడతాను, పాపను లేపొద్దు అనుకున్నాను. నిన్న చూస్తే పాప సీసా కడిగి, పీక వేడినీళ్ళలో మరిగించి, గూట్లో పెట్టి ఉంచింది.