తెలిసినవాళ్ళ కుక్క పరిస్థితి బాగాలేదు: మాట్లాడాలా, కంప్లైంట్ ఇవ్వాలా?

మూడో_అంతస్తు

మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. ఎదురు బ్లాకులో మా ఆయనకి తెలిసినాయన ఉంటారు, పండక్కీ పబ్బానికీ వచ్చిపోయేంత పరిచయం. వాళ్ళకి ఆరేళ్ళ లాబ్రడార్ ఉంది. వాళ్ళావిడ పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పటి నుంచి దాన్ని వాష్ ఏరియాలోనే కట్టేసి ఉంచుతున్నారు. గొలుసు మూడడుగులకు మించదు. మధ్యాహ్నం రెండు దాటితే అక్కడంతా పడమటెండే. నీళ్ళ గిన్నె ఎప్పుడు చూసినా బోర్లా పడి ఉంటుంది. డొక్కలు లోపలికి పోయాయి, అస్తమానం గోక్కుంటోంది. ఆయనది నైట్ షిఫ్టు, తిండి పెడుతున్నారో లేదో మాకు కనపడదు. కొట్టడం మాత్రం చూడలేదు.

కంప్లైంట్ ఇస్తే మేమేనని ఇట్టే తెలిసిపోతుంది. ఊరుకుంటే ఈ ఎండలకి అదేమైపోతుందోనని భయం. అసలిది ఫిర్యాదు దాకా వెళ్ళే విషయమేనా? వెళ్తే కుక్కని ఏం చేస్తారు?

పశువుల_డాక్టర్

ఇవ్వాళే ప్రాణం మీదికొచ్చే స్థితా, వారాల తరబడి సాగుతున్న నిర్లక్ష్యమా అన్నది ముందు తేల్చుకోండి. మొదటిదైతే మొహమాటానికి తావు లేదు.

ఎండలో నాలుక బయటపెట్టి రొప్పడం మామూలే. చిగుళ్ళు ఎర్రగా కందిపోయి, చిక్కటి చొంగ సాగుతూ, లేచి నిలబడితే తూలుతుంటే అది వడదెబ్బ. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 41 దాటిందంటే లోపలి అవయవాలకే ముప్పు. వెంటనే ఆయనకి ఫోన్ చేసి, వాచ్‌మన్‌ని తోడు తీసుకుని తలుపు కొట్టండి. కుక్కని నీడకి తెచ్చి, కుళాయి నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట మీదా తొడల మధ్యా పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది, అది వద్దు. మగతగా ఉంటే నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటర్ ఉంటే 39.5కి రాగానే తడపడం ఆపేయాలి, లేకపోతే వేడి మరీ కిందికి పడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. కిడ్నీలకి తగిలిన దెబ్బ మర్నాటికి గానీ బయటపడకపోవచ్చు.

పుండులో పురుగులు పడటం, కాలర్ మెడలోకి దిగబడటం, లేవలేకపోవడం కూడా ఇంతే అర్జెంటు.

ఇక చిక్కిపోవడం. దూరం నుంచి చూసి తిండి పెట్టట్లేదని తీర్మానించకండి. పిడుదుల జ్వరం, కిడ్నీ జబ్బు, షుగర్, నులిపురుగులు, వీటిలో ఏదున్నా పెట్టింది తింటూనే చిక్కిపోవచ్చు. ఒంటి కండని మేం 9 పాయింట్ల కొలతలో చూస్తాం: 4, 5 సరైన స్థితి, పక్కటెముకలూ వెన్నుపూసలూ తుంటి ఎముకలూ దూరానికే లెక్కపెట్టేలా ఉంటే 1 లేదా 2. మీరు చెప్పే గోకుడుని బట్టి పిడుదులో గజ్జో ఉండొచ్చు. జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు, చూపించకపోవడం తప్పు. అందుకే ఆయన్ని అడగాల్సింది ‘తిండి పెడుతున్నారా’ అని కాదు, ‘డాక్టర్ ఏమన్నారు’ అని.

నీళ్ళు కిలో బరువుకి రోజుకు 50, 60 మిల్లీలీటర్లు కావాలి. 30 కిలోల లాబ్‌కి లీటరున్నర నుంచి దాదాపు రెండు లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువే. తేలికపాటి స్టీలు గిన్నె గొలుసు తగిలితే చాలు బోర్లా పడుతుంది. బరువైన మట్టి తొట్టి పెడితే సగం సమస్య పోతుంది.

ప్లీడరు_గుమాస్తా

కొట్టకపోయినా నేరమే. 1960 జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11(1)లో మూడు క్లాజులు దీనికి సరిపోతాయి. ‘ఎఫ్’ మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ‘జి’ ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం, ‘హెచ్’ తిండి, నీళ్ళు, నీడ చాలినంత ఇవ్వకపోవడం.

శిక్ష వింటే నవ్వొస్తుంది. మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా. పైగా ఈ మూడూ నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. స్టేషన్‌లో రిజిస్టర్లో రాసుకుని మిమ్మల్ని కోర్టుకి వెళ్ళమంటారు, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 174. ‘ఎఫ్ఐఆర్ కట్టండి’ అని గొడవపడి చాలామంది అక్కడే విసిగి వచ్చేస్తారు. కొందరు బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 325 చూపిస్తారు, అది చంపడానికి, అవిటి చేయడానికి, ఇక్కడ అతకదు.

పనికొచ్చేది సెక్షన్ 34. కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు పోలీసు అధికారి నేరం జరుగుతోందని నమ్మితే జంతువును స్వాధీనం చేసుకుని పశువైద్యాధికారి పరీక్షకి పంపొచ్చు. కాబట్టి కాగితం మీద ‘కఠిన చర్య తీసుకోండి’ అని కాకుండా ‘కుక్కను పరీక్ష చేయించండి’ అని అడగండి. ఒక్క పేజీ చాలు: ఫ్లాట్ నంబరు, కుక్క రంగు, జాతి, ఏ తేదీన ఎన్నింటికి ఏం కనిపించింది. ‘ఆకలితో మాడుస్తున్నారు’ అని రాయొద్దు. ‘12 గంటలకూ 4 గంటలకూ గిన్నె ఖాళీ’ అని రాయండి. మీ బాల్కనీలోంచి తీసిన ఫొటోలు జత చేయండి, అందులో కుక్క తప్ప ఇంట్లో మనుషులు పడకూడదు. ఒక కాపీ జిల్లా జంతుహింస నివారణ సంఘానికి, ఎస్‌పీసీఏ అంటారు కదా, అక్కడికి పంపి రెండు చోట్లా అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నేరం జరిగిన మూడు నెలల లోపే కేసు వేయాలని సెక్షన్ 36 ఉంది, కాబట్టి నా మాటైతే ఇప్పుడే ఇచ్చేయండి.

తోక_ఊపు

ప్లీడరు గారితో ఇక్కడ నాకు పేచీ ఉంది. మూడు నెలల గడువు ఉంది కదా, తొందరేం లేదు. కాగితం వెళ్ళాక ఆయన బెదిరిపోయి రాత్రికి రాత్రి కుక్కని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన దింపేసి వస్తే? అలా వదిలేయడమూ సెక్షన్ 11 కింద నేరమే, కానీ అప్పటికి కుక్క దొరకదు. స్వాధీనం చేసుకున్నారే అనుకోండి, షెల్టర్లు కిటకిటలాడుతుంటాయి. ఇంట్లో పెరిగిన ఆరేళ్ళ కుక్క అక్కడ తిండి మానేసి కూర్చుంటుంది, టీకాలు సరిగా పడకపోతే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అంటుకోవచ్చు.

మీ ఆయన చేత మాట్లాడించండి. ‘అన్నా, వదిన లేక నీకు ఇబ్బందవుతున్నట్టుంది. పొద్దున మేం ఒక రౌండ్ తిప్పుకొస్తాం, డాక్టర్ దగ్గరికి ఆదివారం కలిసి వెళ్దాం’ అంటే చాలు. నైట్ షిఫ్టు మనిషికి ఇది ఊరటే. తప్పు పట్టినట్టు ధ్వనిస్తే మాత్రం తలుపు మూసుకుపోతుంది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టొద్దు, పరువునష్టం గోల మీకు చుట్టుకుంటుంది. ఆయన లేనప్పుడు విప్పి తెచ్చేసుకోవద్దు, చట్టం దృష్టిలో అది దొంగతనం. పైనుంచి చపాతీలూ బిర్యానీ బొక్కలూ విసరొద్దు. వండిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది, ఆ పైన కుక్కకి ఏమైనా విషం పెట్టింది మీరే అంటారు. ‘నావల్ల కాదు, మీరే తీసుకోండి’ అంటే సంతకం, తేదీతో ఇచ్చేస్తున్నట్టు కాగితం రాయించుకుని, టీకాల పుస్తకం కూడా తీసుకోండి. అది లేకపోతే రేపు వాళ్ళావిడ వచ్చి నా కుక్క ఏదంటే మీ దగ్గర జవాబుండదు.

మూడో_అంతస్తు

మాట్లాడితే వినకపోతే ఎన్నాళ్ళు ఆగాలి? పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయొచ్చా?

పశువుల_డాక్టర్

నీడా నీళ్ళకి గడువు లేదు, మాట్లాడిన రోజే మారాలి. వాష్ ఏరియాకి పచ్చ షేడ్ నెట్ కట్టడానికి గంట పట్టదు. పగలు ఆయన ఇంట్లో నిద్రపోతుంటారు కదా, కుక్కని కూడా లోపలే పడుకోబెట్టొచ్చు. డాక్టర్‌కి చూపించడానికి వారం ఇవ్వండి. రెండు మధ్యాహ్నాలు చూసినా అదే ఎండలో అలాగే కట్టి ఉంటే ఇక కాగితమే.

ప్లీడరు_గుమాస్తా

సరే, రెండు రోజులకి నేనూ ఒప్పుకుంటా. పేరు లేని ఉత్తరాన్ని స్టేషన్‌లో పక్కన పడేస్తారు. మీ పేరు వద్దనుకుంటే జంతు సంక్షేమ సంస్థ తన పేరున ఫిర్యాదు ఇవ్వొచ్చు, హైదరాబాద్‌లో బ్లూక్రాస్ లాంటివి ఉన్నాయి. మీ ఫొటోలూ తేదీలూ వాళ్ళకి ఇవ్వండి. లేదా అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద నలుగురు సంతకాలు పెట్టండి. ఆయన ఊళ్ళో లేక, ఫ్లాట్‌కి తాళం పడి, లోపల కుక్క పడిపోయి కనిపిస్తే మాత్రం మీరు తాళం పగలగొట్టకండి. 112కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా వీడియో తీస్తూ ఉండండి.