డబల్ ఎడ్జ్ బ్లేడ్లలో ఏది బాగుందో తేల్చుకోవడం ఎలా? పద్ధతిగా పరీక్ష చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా

కూకట్‌పల్లి_కుర్రోడు:

అందరికీ నమస్తే. కార్ట్రిడ్జ్ రేట్లు చూసి విసుగొచ్చి ఈమధ్య డబల్ ఎడ్జ్ రేజర్‌కి మారాను, మెర్కూర్ 34సీ. రేజర్‌తో ఏ ఇబ్బందీ లేదు, గొడవంతా బ్లేడ్లతోనే. ఒక శాంపిల్ ప్యాక్ తెప్పించా, అందులో ఫెదర్, ఆస్ట్రా పచ్చది, సెవెనోక్లాక్ నల్ల ప్యాకెట్, సూపర్‌మ్యాక్స్, విల్కిన్సన్, ఇంకా ఎప్పుడూ పేరు వినని రెండు మూడు ఉన్నాయి. రివ్యూలు చదివితే బుర్ర వేడెక్కిపోతోంది, ఒకడు ఫెదర్ అంటే స్వర్గం అంటాడు ఇంకొకడు మొహమంతా రక్తం అంటాడు, ఒకే బ్లేడ్ గురించి మరీ ఇంత తేడాగా ఎలా చెప్తారు?

సరే మనమే చూసుకుందాం అని మొదలెట్టా. ఇక్కడే తిరకాసు. ఒక బ్లేడ్ (పేరు ఎందుకులెండి) సోమవారం వెన్నలా దిగింది, అదే బ్లేడ్ గురువారం లాగి లాగి పీకింది, గవద కింద మంట. సరే మొద్దుబారిందేమో అనుకున్నా, పారెయ్యడానికి బద్ధకించి శనివారం మళ్ళీ దాంతోనే గీసుకుంటే బానే దిగింది!! ఇదేం లెక్క? దారం కోసి చూడటం, చేతి మీద వెంట్రుకలు గీసి చూడటం లాంటివి పనికొస్తాయా? ఒక్కో బ్లేడ్‌ని ఎన్నిసార్లు వాడి చూడాలి? కొంచెం పద్ధతి చెప్పండి.

ఉక్కు_పిచ్చి:

మీ బ్లేడ్ శనివారం మళ్ళీ బాగైందంటే తప్పు బ్లేడ్‌ది కాదు బాసూ. ఉక్కు దానంతటది పదునెక్కదు కదా. గురువారం ఇంకేదో మారింది, అది పట్టుకోండి ముందు.

నేను మెటలర్జీ చదివాను కాబట్టి కొంచెం ఆ వైపు నుంచి చెప్తా, ఓపిక ఉంటే చదవండి. డబల్ ఎడ్జ్ బ్లేడ్ మందం 0.1 మిల్లీమీటర్, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కు. సానపట్టాక మొన మీద క్రోమియమో ప్లాటినమో పల్చటి పూత వేస్తారు, దాని మీద ఇంకో పూత, మన నాన్‌స్టిక్ పెనాల మీద వేసే పదార్థమే అది, చర్మం మీద జారడానికి. ఈ పై పూత మొదటి షేవ్‌లోనే మొన దగ్గర కొంత పక్కకి పోతుంది, అందుకే కొన్ని బ్లేడ్లు మొదటిసారి కంటే రెండోసారి హాయిగా ఉంటాయి. కాబట్టి ఒక్క షేవ్‌తో ఏ బ్లేడ్‌కీ మార్కులు వెయ్యొద్దు.

దారం సంగతి. దారం పరీక్ష మెషీన్ మీద నిజంగానే చేస్తారు, బెస్ అని ఒక స్కేల్ ఉంది, ఒకే రకం పోగు మీద అంచుని నొక్కి అది తెగడానికి ఎన్ని గ్రాముల బలం పట్టిందో చూస్తారు. కొత్త డబల్ ఎడ్జ్ బ్లేడ్‌కి 50 దగ్గర్లో వస్తుంది, వంటింటి కత్తులైతే వందల్లో. కానీ అది పదును మాత్రమే చెప్తుంది. మొహం మీద హాయిగా ఉందా లేదా అన్నది వేరే విషయం. ఆ పరీక్షలో సమానంగా వచ్చిన రెండు బ్లేడ్లలో ఒకటి జారిపోతుంది, ఇంకోటి చర్మాన్ని గీకుతుంది. పూత, మొన కోణం, అంచు ఎంత సమానంగా ఉంది, ఇవన్నీ ఆ అంకెలో దొరకవు. ఇంట్లో కుట్టు దారం పట్టుకుని మనం చేస్తే ఆ పదును కూడా సరిగ్గా తెలీదు.

ఇంకోటి, చాలామందికి తెలీనిది. 2020లో ఎంఐటీ వాళ్ళు సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. అందులో ఒకాయన తనే గడ్డం గీసుకుంటూ ప్రతిసారీ బ్లేడ్ అంచుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన, అయినా ఉక్కు దెబ్బతింటోంది, ఎలా? మనమంతా అంచు అరిగి గుండ్రబడుతుంది అనుకుంటాం కదా, వాళ్ళకి ఎక్కువగా కనిపించింది అరుగుదల కాదు, వెంట్రుక మందం కంటే చిన్న చిన్న పెచ్చులు ఊడటం. వెంట్రుక ఏటవాలుగా తగిలి, సరిగ్గా అక్కడే ఉక్కు లోపలి అమరిక సమానంగా లేకపోతే పెచ్చు లేస్తుంది. అంటే ఎప్పుడు ఎక్కడ ఊడుతుందో కొంతవరకు అదృష్టం కూడా. అందుకని ఒక కంపెనీ బ్లేడ్ ఒక్కటి వాడి ఆ కంపెనీ మొత్తం మీద తీర్పు చెప్పడం కుదరదు, కనీసం మూడు బ్లేడ్లు చూడాలి, కుదిరితే వేరే వేరే ప్యాకెట్లవి.

రిటైర్డ్_మాస్టారు:

నాయనా, ఇవన్నీ ఎందుకు. మా రోజుల్లో భారత్ బ్లేడ్ ఉండేది, వాడాక తడి తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు. మొద్దుబారితే గాజు గ్లాసు లోపలి వైపు రెండు వేళ్ళతో అదిమి అటూ ఇటూ రుద్దేవాళ్ళం, ఇంకో వారం నడిచేది. ఇప్పటి పిల్లలు రెండుసార్లు గీసి అవతల పారేస్తున్నారు.

ఉక్కు_పిచ్చి:

మాస్టారూ అది కార్బన్ ఉక్కు, పూత లేదు, గాజు మీద రుద్దితే మొన కొంచెం సరిపడేది, మీరన్నది నిజమే. ఇప్పటి వాటిని అలా రుద్దితే ఉన్న పూత కాస్తా పోతుంది, మిగిలేది గరుకే. తుడవక్కర్లేదు కూడా, నీళ్ళు దులిపి ఆరబెడితే చాలు. తుడిచేటప్పుడే అంచు గుడ్డకి తగిలి పాడవుతుంది, వేలు తెగడం అదనం.

ఓరుగల్లు_సెలూన్:

అన్నా మాది వరంగల్ దిక్కు, మా నాయిన సెలూన్ నడుపుతడు, రష్ ఉన్నప్పుడు నేను గుడ కత్తి పడ్త. మేం బ్లేడ్‌ను కాయిదం తీయకుండనే నడిమికి ఇరిచి సగం ముక్క ఉస్త్రాల పెడ్తం, మనిషికో కొత్త ముక్క. అంటే పొద్దుందాంక ఒకటే కంపెనీ బ్లేడ్ ఎన్ని మొకాల మీద నడుస్తదో సూడు, లేత గడ్డం, పీసు లెక్క బిరుసు గడ్డం, మొటిమల మొకం, అన్నీ. మా నాయిన కొత్త కంపెనీ డబ్బ వస్తే దారం గీరం కోయడు. సైడ్‌లాక్ కాడ ఫస్ట్ గీత గీసి సప్పుడు ఇంటడు. మంచి బ్లేడ్ అయితే సన్నగ ఒకటే తీరు సర్‌ర్ మంటది, ఆగి ఆగి టక్ టక్ అన్నదంటే తెగుతలేదు, గుంజుతున్నది. ఫ్యాన్ బంద్ జేసి గీస్కో, నీకు గుడ ఇనవడ్తది. చెంప మీద ఏ బ్లేడ్ అయినా మంచిగనే నడుస్తది, అసలు సంగతి గవద కింద, పై పెదవి మీద ఎర్కైతది.

ఇగ అసలు మీటర్ పటిక అన్నా. మొకం సల్లటి నీళ్ళతోని కడిగి పటిక తడిపి మొత్తం రుద్దు. ఏడ సుర్రుమంటే ఆడ బ్లేడ్ తోలు గీకినట్టు, గాటు కండ్లకు కనబడకపోయినా సరే. ఏ బ్లేడ్ పెట్టినా రోజు ఒక్కటే జాగల, అనుకో ఎడమ దవడ ఎముక మీదనే మండుతున్నదంటే అది బ్లేడ్ తప్పు గాదు, ఆడ నీ చెయ్యి ఎక్కువ వత్తుతున్నది లేకుంటే ఎదురు గీస్తున్నవ్. ఒక్క బ్లేడ్‌కే మొకం అంత సుర్రుమంటే, గప్పుడు బ్లేడ్‌ను అను. ఎంతసేపు మండిందో గుడ సూడు, గిట్ల పెట్టంగనే తగ్గితే ఏం గాదు, మొకం కడిగినంక గుడ మండుతుంటే ఆ బ్లేడ్ నీ తోలుకు పడది.

ఒకటి అడుగుత, గురువారం నాడు నీళ్ళు ఏవి వాడినవ్?

కూకట్‌పల్లి_కుర్రోడు:

అబ్బా అన్నా సూపర్ పట్టావ్. మాకు మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి అయిపోతే బోరు, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గీజర్ నిండా తెల్ల పొలుసులు. గురువారం బోరే. నురగ ఎంత తిప్పినా రాలేదు, పల్చగా అయిపోయి మొహం మీదే ఆరిపోయింది, బ్రష్ పాతదైందేమో అనుకున్నా.

ఉక్కు_పిచ్చి:

అదే సంగతి. ఉప్పు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి, బకెట్ అంచున పట్టే జిడ్డు అదే. మీరు వేసిన సబ్బులో సగం దానికే పోతుంది, నురగ ఎక్కడ్నుంచి వస్తుంది. ట్యూబ్ క్రీములు కూడా చాలావరకు సబ్బే కాబట్టి వాటికీ అదే గతి. ఒక గ్లాసు ఆర్వో నీళ్ళు వేడి చేసి నురగకి మాత్రం అవి వాడండి, మొహం కడుక్కోడానికి ఏవైనా పర్లేదు. ఇంకా గడ్డం రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళతో నాననివ్వండి. నీళ్ళు పీల్చుకున్న వెంట్రుకని కొయ్యడానికి చాలా తక్కువ బలం చాలు, ఎండు గడ్డం మీద ఎంత గొప్ప బ్లేడ్ అయినా లాగుతుంది. ఆఫీసుకి టైమైపోయి నాలుగు చుక్కలు చల్లుకుని గీసి బ్లేడ్‌ని తిట్టేవాళ్ళే ఎక్కువ మనలో.

ఇంకా గడ్డం ఎన్ని గంటలది అన్నది కూడా. గడ్డం రోజుకి 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ పెరుగుతుంది, ఒకరోజు గడ్డం మీద ఒక బ్లేడ్, మూడురోజుల గడ్డం మీద ఇంకో బ్లేడ్ చూసి పోల్చితే ఆ లెక్కకి అర్థం లేదు. రేజర్ ఒకటే, సబ్బు ఒకటే, గడ్డం వయసు ఒకటే, బ్లేడ్ ఒక్కటే మారాలి.

ఏలూరు_వదిన:

మగవాళ్ళ చర్చలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఆయనకీ ఇదే పిచ్చి పట్టింది, ఇంటినిండా చిన్న చిన్న ప్యాకెట్లు. ఖరీదైన బ్లేడ్ పెట్టుకున్న రోజు అద్దం ముందు నుంచి కదలరు, చెంప తడుముకుంటూ చూడవే ఎంత నున్నగా ఉందో అని. నాకు ఒళ్ళు మండి, ఇకనుంచి బ్లేడు నేనే బిగించి ఇస్తా, ఏదో మీకు చెప్పను, మార్కులు వేసి కాగితం నా చేతికివ్వండి అన్నాను.

మీ రేజరే మాదీ. బిగించాక బ్లేడు రెండు కొసలు పక్కలకి బయటికి కనిపిస్తాయి, కొన్నిటికి పేరు అక్కడ కూడా పడి ఉంటుంది, అందుకని ఆ కొసలకి నల్ల మార్కర్ పూసేదాన్ని. అంచుకి మార్కర్ తగలనివ్వకండి. కాగితాలు వేరే డబ్బాలో దాచేసి అడుగున నంబరు రాసుకున్నా. ఇందులో నేను చేసిన తుంటరి పని ఏంటంటే, ఒకే కంపెనీ బ్లేడుని రెండు వేరే నంబర్లతో ఇచ్చా. ఒకదానికి తొమ్మిది వేశారు, రెండోదానికి ఆరు, పైగా పక్కన ‘ఇది చీప్ రకంలా ఉంది’ అని రాశారు. రెండూ ఆయన వెనకేసుకొచ్చే బ్లేడులే. అంటే ఆయన మార్కుల్లో మూడు అటూ ఇటూ అవడానికి బ్లేడుతో పనే లేదన్నమాట. అప్పట్నుంచీ తొమ్మిదికీ ఎనిమిదికీ తేడా ఉందంటే నేను ఒప్పుకోను. పదికి మూడు నాలుగు వచ్చినవి మాత్రం మళ్ళీ ఇచ్చినా మూడు నాలుగే వచ్చాయి. చెడ్డ బ్లేడు చెడ్డదని తేలుతుందండీ, మంచివాటిలో ఏది మంచిదో తేలడమే కష్టం.

డల్లాస్_రాయుడు:

వదినగారూ దండం 😂

ఒక్కడినే ఉండేవాళ్ళకి అంత సదుపాయం లేదు కాబట్టి నేను సగం సగం చేస్తాను, రెండు రేజర్లు ఒకే మోడల్‌వి, ఎడమ సగానికి ఒక బ్లేడ్ కుడి సగానికి ఒక బ్లేడ్. నీళ్ళు, నురగ, గడ్డం వయసు అన్నీ ఆటోమేటిక్‌గా ఒకటే అయిపోతాయి. కాకపోతే కుడిచేతివాటం వాళ్ళకి రెండు చెంపలూ ఒకేలా రావు, ఒకవైపు చెయ్యి మొహానికి అడ్డంగా వెళ్ళాలి, కోణం మారిపోతుంది, అందుకే తర్వాతి షేవ్‌కి వైపులు మార్చాలి. మార్చాక కూడా అదే బ్లేడ్ గెలిస్తే గెలిచినట్టు, ఎప్పుడూ కుడి చెంపే గెలుస్తుంటే బ్లేడ్ కాదు చెయ్యి.

మార్కులు కూడా గీసిన వెంటనే వెయ్యొద్దు. వెంటనే అన్నీ నున్నగానే ఉంటాయి. సాయంత్రం ఎదురు దిశలో తడిమి చూడండి, మర్నాడు పొద్దున మెడ మీద ఎర్ర పొక్కులు ఉన్నాయా చూడండి. నాకు మెడ దగ్గర వెంట్రుకలు రింగు తిరిగి ఉంటాయి, బాగా నున్నగా కోసే బ్లేడ్ వాడితే రెండో రోజుకి అవి లోపలికే పెరిగి గుల్లలు. నాకు పదును కాస్త తక్కువదే మేలు, ఫెదర్ పక్కన పెట్టేశా. అదే ఫెదర్ మా రూమ్మేట్‌కి ప్రాణం. కుర్రోడు అడిగిన మొదటి ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇదే, వాళ్ళిద్దరూ నిజమే చెప్తున్నారు, గడ్డాలు వేరు.

కూకట్‌పల్లి_కుర్రోడు:

అందరికీ థాంక్స్. అప్‌డేట్ ఏంటంటే ఆర్వో నీళ్ళతో నురగ చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు, అదే సబ్బు! గురువారం తిట్టుకున్న బ్లేడ్‌ది కూడా కొత్తది తీసి మళ్ళీ చూశా, అస్సలు ఏ ఇబ్బందీ లేదు. పెళ్ళి కాలేదు కాబట్టి బ్లేడ్ బిగించే పని మా తమ్ముడికి అప్పజెప్పా, వాడు ఒక్కో షేవ్‌కి ఐస్‌క్రీమ్ అడుగుతున్నాడు, బ్లేడ్ కంటే అదే ఖరీదు. రెండు బ్లేడ్లు పటిక దగ్గరే ఔట్. మిగతావాటిలో మూడింటికి తేడా నాకు తెలీట్లేదు, వైపులు మార్చి చూసినా అంతే. వంద బ్లేడ్ల డబ్బా కొందామనుకుంటున్నా, మూడింట్లో చవకది కొనెయ్యనా?

ఏలూరు_వదిన:

కొనెయ్యండి, తేడా తెలీనప్పుడు ఎక్కువెందుకు పెట్టడం.

ఓరుగల్లు_సెలూన్:

చవకదే తీస్కో అన్నా, గని వంద డబ్బ ఒక్కసారే వద్దు. ముందుగాల అదే కంపెనీది ఇంకో దుకాన్ల ఐదు బ్లేడ్ల ప్యాకెట్ కొనుక్కొని సూడు. ఆన్‌లైన్‌ల వచ్చిన డబ్బకు, బయట దొరికేదానికి లాట్ వేరే ఉంటది, నకిలీ మాల్ గుడ తిరుగుతున్నది. కాయిదం మీద అచ్చు మసకగ ఉన్నా, మడత సక్కగ లేకున్నా, బ్లేడ్ మీద మైనం సుక్కలు ఎక్కువ అంటినా పక్కకు పెట్టు. ఆ ఐదు గుడ పటికకు తట్టుకుంటే అప్పుడు డబ్బ తెచ్చుకో.