బేసోఫిల్స్ 14 శాతం, పీసీఆర్ నెగెటివ్: బోన్ మారో ఇప్పుడే చేయించాలా?

మధురవాడ అబ్బాయి:
మా మావయ్యకి 56 ఏళ్లు, ఊరు పాలకొండ దగ్గర. ఒళ్లంతా దురద, ఎడమ డొక్కలో బరువు. సీబీపీలో (రక్తకణాల లెక్క) తెల్లకణాలు 38,000, అందులో బేసోఫిల్స్ అనే రకం 14 శాతం. సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అనుమానంతో, దాన్ని తెచ్చే బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు ఉందేమోనని పీసీఆర్ రాశారు, నెగెటివ్ వచ్చింది. ఇప్పుడు బోన్ మారో (ఎముక మజ్జ పరీక్ష) అంటున్నారు. నడుం ఎముకలో సూది అనగానే అత్తయ్య ఏడుపు. రక్త పరీక్షలతోనే తేలదా? ఇది అరుదైన బేసోఫిలిక్ ల్యుకేమియా అని కూడా ఎవరో అన్నారు.

మహారాణిపేట ల్యాబు మనిషి:
తమ్ముడూ, 26 ఏళ్లు స్లైడ్లు చూశాను. ఆ 14 శాతం మిషన్ చెప్పిందా, ఎవరైనా కంటితో లెక్కపెట్టారా? మిషన్ ఒక్కోసారి వేరే అసహజ కణాల్ని కూడా బేసోఫిల్స్ ఖాతాలో వేసేస్తుంది. ఉల్టా కూడా జరుగుతుంది. బేసోఫిల్ రేణువులు నీళ్లలో కరుగుతాయి, రంగు వేసేటప్పుడు కడుక్కుపోతే కణం బోసిగా కనబడి లెక్కలోంచి జారిపోతుంది. నిజంగా 14 శాతమే అయితే మైక్రోలీటరుకు 5,000 పైచిలుకు. మామూలు మనిషికి 200 దాటవు.

ఇక ఆ నెగెటివ్ సంగతి. పీసీఆర్ పరీక్ష బీసీఆర్-ఏబీఎల్‌లో ఏ రకాన్ని వెతికిందో రిపోర్టులో చూడు. ఎక్కువమందిలో కనిపించే పీ210 రకం కోసమే చేసిన పరీక్షకి పీ230 లాంటి రకాలు దొరకవు. రక్తంతోనే ఫిష్ (మెరిసే రంగులతో క్రోమోజోముల్ని చూసే పరీక్ష) చేయించు, సీఎంఎల్‌లో ఉండే 9, 22 క్రోమోజోముల మధ్య మార్పిడి తెలుస్తుంది. పాజిటివ్ వస్తే సగం దిగులు తీరినట్టే. సీఎంఎల్‌కి 2001 నుంచి ఇమాటినిబ్ మాత్ర ఉంది. సూది సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పాథాలజీ పీజీ:
అన్నగారూ, స్లైడు, ఫిష్ తప్పక చేయించాలి. కానీ సూది తర్వాత అనొద్దు. సీఎంఎల్ అని తేలినా అది ఏ దశలో ఉందో తెలియాలంటే మజ్జలో బ్లాస్టులు (ఎదగని కణాలు) లెక్కపెట్టాలి. ఫిష్ కూడా నెగెటివ్ అయితే మజ్జ మరీ అవసరం. మైలోఫైబ్రోసిస్ (మజ్జ నారలా గట్టిపడే జబ్బు) ఉందేమో, జాక్2 జన్యువులో మార్పు ఉందేమో, 5వ క్రోమోజోము మీది పీడీజీఎఫ్ఆర్‌బీ జన్యువు తెగి వేరేచోట అతుక్కుందేమో చూడాలి. ఈ చివరిది చాలా అరుదు, కానీ దొరికితే దానికీ ఇమాటినిబ్ పనిచేస్తుంది. వెతక్కుండా వదిలేస్తే మందు ఉండీ మనిషికి అందదు.

బేసోఫిలిక్ ల్యుకేమియా అనే పేరు ఇవన్నీ కాదని తేలాకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణలో దీర్ఘకాలిక రకానికి విడిగా చోటే లేదు. 2017లో కొందరు నిపుణుల ప్రతిపాదన ప్రకారమైతే తెల్లకణాల్లో 40 శాతం బేసోఫిల్సే ఉండాలి. 14 శాతానికే ఆ పేరు చెప్పి ఇంటిల్లిపాదినీ హడలగొట్టడం తప్పు.

మహారాణిపేట ల్యాబు మనిషి:
పేరు విషయంలో ఒప్పుకున్నాను. కానీ శ్రీకాకుళం వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చి, ఒక్కో రిపోర్టు కోసం మళ్లీ మళ్లీ తిరిగేవాళ్లని చూశాను డాక్టరమ్మా. అవసరమైనదే చేయిద్దామనేది అందుకే.

పాథాలజీ పీజీ:
ఆ తిరుగుడు చూసే నేనూ చెబుతున్నాను. మత్తు ఇచ్చి ఒక్కసారి సూది వేస్తే స్లైడ్లు, కారియోటైప్‌కి (క్రోమోజోములన్నీ చూసే పరీక్ష) నమూనా, బయాప్సీ ముక్క అన్నీ వస్తాయి. కొంత దాచిపెడితే తర్వాత జన్యు పరీక్షకి మళ్లీ పొడవక్కర్లేదు.

మహారాణిపేట ల్యాబు మనిషి:
దాచిపెట్టేట్టయితే సరే, సూది ఇప్పుడే వేయించండి. ఫిష్ రాకముందే ఖరీదైన జీన్ ప్యానెల్ (చాలా జన్యువుల్ని ఒకేసారి చూసే పరీక్ష) మాత్రం రాయించొద్దు. అక్కడ నా మాట మారదు.

మధురవాడ అబ్బాయి:
పాత స్లైడు పారేశామన్నారు. సోమవారం మావయ్యని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. స్లైడు, ఫిష్, బోన్ మారో ఒకేసారి చేయమని అడుగుతాం. అత్తయ్యకి పీజీ మేడమ్ మాటలే చదివి వినిపించాను, ఒప్పుకుంది. అన్నా, రిపోర్టు మళ్లీ చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పీ210 మాత్రమే వెతికారట.