అప్‌డేట్: పాత అరెస్టు ఉన్నా మా తమ్ముడికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది

చదువుకునే రోజుల్లో షాప్‌లిఫ్టింగ్ కేసులో అరెస్టయి, తర్వాత కేసు కొట్టేసిన మా తమ్ముడు ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం) వేయొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. ఓత్ కూడా అయిపోయింది! సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

పనికొచ్చింది, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించమన్న మాట. ఆవిడ మొదట చూసింది ఒక్కటే: గిల్టీ అని ఒప్పుకున్నాడా లేదా. ఒప్పుకున్నాక కోర్టు శిక్షో షరతో పెడితే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే లెక్కేస్తుందట. వీడు ఒప్పుకోకుండానే డైవర్షన్ ప్రోగ్రాం (కోర్టు చెప్పిన క్లాసుల్లాంటివి పూర్తిచేస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) పూర్తిచేశాడు కాబట్టి గండం గడిచింది. రికార్డు చెరిపేయించినా, 5 ఏళ్ల కంటే పాతదైనా ఫారంలో అరెస్టు ప్రశ్నకి ‘అవును’ అనే రాయాలి. ఇంటర్వ్యూలో ఆఫీసరు కోర్టు ముద్ర ఉన్న డిస్పోజిషన్ (కేసు చివరికి ఏమైందో చెప్పే కాగితం) కాపీ తీసుకుని, తేదీ చూసి, ఫైల్లో పెట్టుకున్నారు.

ఒకరు చెప్పిన 2010 నాటి పడిల్లా తీర్పు మాకు అవసరపడలేదు. గిల్టీ ప్లీ వల్ల దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే డిఫెన్స్ లాయర్ ముందే చెప్పాలన్న సుప్రీంకోర్టు తీర్పు అది. ఇప్పుడు కేసు నడుస్తున్నవాళ్లు మాత్రం ప్లీకి ముందే మీ లాయర్‌ని దీని గురించి గట్టిగా అడగండి. స్నేహితుల చేత రాయించిన మంచి నడవడిక లేఖలు ఆఫీసరు అడగనే లేదు.