ఒకేలా వినపడే ఇంగ్లీష్ మాటల స్పెల్లింగ్ ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

ప్రశ్న:
బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నానండి. గ్రామర్ పర్లేదు గానీ ఈ మాటల దగ్గరే టెన్షన్. పోగొట్టుకోవడానికి ఓ ఒకటా రెండా? స్టేషనరీ చివర ఏఆర్‌వైనా ఈఆర్‌వైనా? ప్రిన్సిపల్ అయితే మరీ గోల, కాలేజీ పెద్దాయనా అదే, లోన్‌లో అసలూ అదే, సిద్ధాంతమూ అదే. లిస్టులు బట్టీపడితే వారం తిరక్కుండా కలిసిపోతున్నాయి.

జవాబు:
లిస్టులు పక్కన పెట్టు తమ్ముడూ. లూజ్, లూస్ అసలు ఒకేలా వినపడవు, మనమే కలిపేశాం. మనం 'చొక్కా లూజుగా ఉంది' అంటాం గానీ ఇంగ్లీషువాళ్లు వదులుని లూస్ అనే పలుకుతారు, దానికి రెండు ఓలు. పోగొట్టుకునేదానికి ఒకటే ఓ, పలికేటప్పుడు మాత్రం జెడ్. సలహా కూడా అంతే, నామవాచకం సితో అడ్వైస్, సలహా ఇవ్వడం ఎస్‌తో అడ్వైజ్. ఇది పట్టుకుంటే ప్రాక్టీస్, లైసెన్స్ కూడా వచ్చేస్తాయి, పలకడంలో తేడా లేకపోయినా నామవాచకానికి సి, క్రియకి ఎస్.

ఇంకో జవాబు:
అది బ్రిటిష్ పద్ధతి, మన ఎగ్జామ్స్‌కి సరే. నేనుండే అమెరికాలో మాత్రం ప్రాక్టీస్ ఎలా వాడినా సి, లైసెన్స్ ఎలా వాడినా చివర్లో ఎస్. ఇక్కడికొచ్చే మనవాళ్లు దీంతో కొన్నాళ్లు తికమకపడతారు.

మరో జవాబు:
ప్రిన్సిపల్ మూడు కాదు, రెండే. కాలేజీదీ లోన్‌దీ ఒకటే మాట, 'ముఖ్యమైనది' అని అర్థం, చివర పీఏఎల్. సిద్ధాంతానికి పీఎల్ఈ. స్టేషనరీ రెండూ మాత్రం నిజంగా చుట్టాలే, పాతరోజుల్లో యూరప్‌లో ఊరూరా తిరగకుండా ఒకచోట దుకాణం పెట్టి పుస్తకాలు అమ్మేవాణ్ని స్టేషనర్ అనేవారు. అతని సరుకు కాబట్టి కాగితాలు, పెన్నులకి ఈఆర్‌వై, కదలకుండా ఉండేదానికి ఏఆర్‌వై. స్పెల్‌చెక్‌ని నమ్ముకోకు, రెండూ ఉన్న మాటలే కదా, ఎర్రగీత రాకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. మరి ఎఫెక్ట్?

మొదటి జవాబిచ్చినవారు:
తెలుగులో అనుకుని చూడు. 'వాన పంటని ఎఫెక్ట్ చేసింది', చేసింది వస్తే మొదట ఏ. 'దాని ఎఫెక్ట్ ధరల మీద పడింది', పడింది వస్తే ఈ. ఈతో క్రియ కూడా ఒకటుంది, ఏదైనా మార్పు తీసుకొచ్చారు అనేటప్పుడు వాడతారు, పక్కనే చేంజ్ అనే మాట కనపడితే ఒకసారి ఆగి చదువు.